కుండీ కింద పళ్లెం సంగతేంటి?

ఈ వానల్లో డెంగీతో మా వార్డులో చేరిన ఓ కుర్రాడి తల్లి అడిగారు: ‘డాక్టరుగారూ, బాల్కనీలో నాలుగు దోమల మొక్కలు పెట్టుకున్నాం కదండీ, మావాడికెలా వచ్చింది?’ ఫోన్‌లో ఫొటో కూడా చూపించారు. కళకళలాడుతున్న జెరేనియం కుండీలు. ప్రతి కుండీ కిందా ప్లాస్టిక్ పళ్లెం, నిండా నీళ్లు.

‘మస్కిటో ప్లాంట్’ అని నర్సరీల్లో అమ్మేది నిమ్మ వాసన వచ్చే ఒక రకం జెరేనియమే. ఆకు నలిపితే ఘుమఘుమలాడుతుంది. కానీ ఆ నూనె ఆకులోనే ఉంటుంది. ఊరికే మూలన పెడితే దోమ లెక్కచేయదు. 1990ల్లో ఆరుబయట పరీక్షించి చూస్తే ఏడిస్ దోమలు వచ్చి ఆ మొక్క మీదే వాలాయి. అయినా ఆ పేరుతో అమ్మకాలు ఆగలేదు. దాన్ని నమ్మి దోమతెర మడిచి అటక మీద పెట్టేసినవాళ్లు నాకు తెలుసు. ఆ పేరుతో అమ్మడం మానాలన్నది నా అభిప్రాయం. పూలమొక్కను పూలమొక్కగానే అమ్మొచ్చు కదా!

డెంగీని మోసే ఏడిస్‌కు చెరువులూ మురుగుకాలువలూ అక్కర్లేదు, పళ్లెంలో కాసిని మంచినీళ్లు చాలు. వారం, పది రోజుల్లో గుడ్డు దోమ అవుతుంది. పళ్లెం అంచుకు అంటుకున్న గుడ్లు నీళ్లు ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి. అందుకే నీళ్లు పారబోస్తే చాలదు, వారానికోసారి పీచుతో రుద్ది కడగాలి. లేదా పళ్లెం నిండా ఇసుక పోసేయండి.

తమాషా ఏమిటంటే, ఆ నీళ్లు జెరేనియంకూ పడవు. దక్షిణాఫ్రికా మొక్క కదా, ఎండకూ పొడి నేలకూ అలవాటు. నీళ్లు ఎక్కువైతే కాండం మొదట్లో నల్లబడి కుళ్లుతుంది. వేలు మట్టిలో గుచ్చి చూసి, పైన అంగుళం మేర పొడిగా ఉంటేనే నీళ్లు పోయాలి. మట్టిలో కాస్త ఇసుక కలపాలి. కుండీ అడుగున రంధ్రం తప్పనిసరి. ఇంట్లో పెంచేట్టయితే ఉదయపు ఎండ పడే కిటికీ దగ్గర ఉంచండి. వాడిన పూలగుత్తులు తుంచేస్తుంటే కొత్తవి వస్తాయి. ఊటీలో పూసినట్టు మన దగ్గర పూయలేదని బెంగ వద్దు. మన ఎండాకాలం దానికి గడ్డుకాలం. మధ్యాహ్నం నీడలో ఉంచి బతికించుకుంటే చలికాలంలో పూస్తుంది. ఇంట్లో పిల్లో కుక్కో ఉంటే మాత్రం అందకుండా పెట్టండి, ఆకులు తింటే వాంతులవుతాయి.

కుర్రాడు కోలుకున్నాడు. డిశ్చార్జి రోజున ఆమె, ‘మొక్కలు తీసేయమంటారా?’ అన్నారు. వద్దమ్మా, పళ్లేలు తీసేయండి, అలాగే హాల్లో మనీప్లాంట్ సీసాలో నీళ్లు మార్చి ఎన్నాళ్లయిందో చూడండి అన్నాను.