రిలీజ్ రోజు వచ్చి కేక్ కోసిన చైనా

2023 మార్చిలో సౌదీ, ఇరాన్ బీజింగ్‌లో చేతులు కలపగానే చాలామంది ఒకటే గోల: అమెరికా పనైపోయింది, చైనా వచ్చేసింది అని. నాకైతే ఈ లెక్క అస్సలు మింగుడుపడలేదు. ఆ రెండు దేశాల్నీ అంతకుముందు రెండేళ్ళపాటు కూర్చోబెట్టి మాట్లాడించింది ఇరాక్, ఒమన్. బాగ్దాద్‌లోనే ఐదు విడతలు జరిగాయి. మన ప్రాజెక్టుల్లో చూస్తూనే ఉంటాం కదా, రాత్రుళ్ళు కూర్చుని కోడ్ రాసేది ఒకళ్ళు, రిలీజ్ రోజు కేక్ కోసేది ఇంకొకళ్ళు!

అసలు మలుపు 2019 సెప్టెంబరులో ఉందని నా ఉద్దేశం. అబ్‌ఖైఖ్ చమురు కేంద్రం మీద దాడి జరిగి, సౌదీ ఉత్పత్తి దాదాపు సగం ఆగిపోయింది. ఇది ఇరాన్ పనే అంది అమెరికా (ఇరాన్ కాదంది). ఆంక్షలు పెంచింది, కొంత సైన్యాన్ని సౌదీకి పంపింది, అంతే. ఇరాన్ మీద దాడికి దిగలేదు. దశాబ్దాలుగా ఆయుధాలు కొన్న కస్టమర్‌కి, సర్వర్ తగలబడ్డ రోజు "టికెట్ రైజ్ చేశాం సార్" అని చెప్పినట్టన్నమాట.

అలాగని సౌదీ అమెరికాని వదిలేసిందా? లేదు. ఒక్క వెండార్‌ని నమ్ముకుంటే మునుగుతామని తెలుసుకుంది. 2022 అక్టోబరులో బైడెన్ వద్దంటున్నా రష్యాతో కలిసి చమురు ఉత్పత్తికి కోత పెట్టింది. 2025 సెప్టెంబరులో పాకిస్తాన్‌తో రక్షణ ఒప్పందం చేసుకుంది. ఒకరి మీద దాడి జరిగితే ఇద్దరి మీదా జరిగినట్టేనట.

ఇది మాత్రం మనకి గుచ్చుకుంటుంది. కొందరు వెన్నుపోటు అన్నారు. మనం 2022 నుంచి రష్యా చమురు తెగ కొన్నాం, తేజస్‌కి అమెరికా ఇంజన్లు పెట్టుకున్నాం. మనం చేస్తే దౌత్యం, వాళ్ళు చేస్తే వెన్నుపోటూనా? తిట్టడం కన్నా, రేపు పాకిస్తాన్‌తో మళ్ళీ రగిలితే ఆ ఒప్పందం రియాద్‌ని ఎంతదాకా లాగుతుందో ఢిల్లీ ఇప్పుడే అడిగి తేల్చుకోవాలి. కరీంనగర్ నుంచి, కడప నుంచి వెళ్ళినవాళ్ళు అక్కడే పనిచేస్తున్నారు మరి.