సూదికి కాదు, సోదాకు ఎదురుతిరిగారు

బొంబాయి ప్లేగు మాట వస్తే మనవాళ్లు కూడా అదే కథ చెబుతారు: హాఫ్‌కిన్ టీకా కనిపెట్టాడు, దొరలు ఊరు శుభ్రం చేయబోయారు, కామాటిపురా లాంటి పేటల్లోని చదువురాని జనం మూఢభయంతో అడ్డుపడ్డారు. ఇందులో మొదటి ముక్క నిజం. మిగతాది ఆనాటి అధికారులు తమను సమర్థించుకున్న మాట.

1896లో బొంబాయిలోని మాండ్వీలో డాక్టర్ వీగాస్ ప్లేగును గుర్తించాక ఒడెస్సాలో పుట్టిన హాఫ్‌కిన్ గ్రాంట్ మెడికల్ కాలేజీలో టీకా తయారుచేశాడు. 1897 జనవరి 10న ముందు తనకే వేసుకున్నాడు. నెలాఖరున బైకుల్లా జైల్లో ముందుకొచ్చిన ఖైదీలకు వేశారు. జైల్లో ఉన్నవాడి ఇష్టం ఎంతపాటి ఇష్టమో అడగవలసిందే. అయినా హాఫ్‌కిన్‌ది ఒప్పించే దారి. ప్రభుత్వానిది వేరు. ఆ ఫిబ్రవరిలో వచ్చిన అంటువ్యాధుల చట్టం అండతో ఇళ్లు సోదా చేశారు, రోగుల్ని ఆసుపత్రులకూ ఇంటివాళ్లను శిబిరాలకూ ఈడ్చుకెళ్లారు. 1898 మార్చి 9న కామాటిపురాకు దగ్గర్లోని రిపన్ రోడ్డులో, నేతపనివారి ఇంట ఒక బాలికను పరీక్షించబోతే అల్లర్లు రేగాయి. అక్కడివాళ్లు ఎదిరించింది సూదిని కాదు, పరాయి మగవాళ్లు ఇంట్లోకి చొరబడి ఆడపిల్ల మీద చెయ్యి వేయబోవడాన్ని.

బలవంతం లేకుంటే రోగం ఇంకా పాకేది కదా అంటారు. ప్లేగు ఎలా పాకుతుందో ఆ అధికారులకే తెలియదు. ఎలుకల మీది గోమార్ల ద్వారా వస్తుందని సైమండ్ అనే పరిశోధకుడు 1898లో చూపించాడు. 1905 తర్వాత గానీ ఇక్కడి ప్లేగు కమిషన్ దాన్ని రూఢి చేయలేదు. అంతవరకూ కార్బాలిక్ నీళ్లతో కడిగింది గోడల్నీ కాలువల్నీ. టీకాకూ జనం భయపడ్డారన్నది నిజమే. కానీ 1902లో పంజాబులోని ముల్కోవాల్‌లో టీకా తర్వాత 19 మంది ధనుర్వాతంతో పోయారు, ప్రభుత్వమే హాఫ్‌కిన్‌ను పక్కన పెట్టింది. సికింద్రాబాదులో మలేరియా గుట్టు విప్పిన రొనాల్డ్ రాస్ వంటివారు పోరాడితే 1907లో గానీ హాఫ్‌కిన్ మీది నింద తొలగలేదు. సర్కారే శంకించిన మందును కామాటిపురా కూలీ ఏ ధైర్యంతో నమ్మాలి?

ఊరు బాగుచేయడానికంటూ 1898లో పుట్టిన ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టునూ ఈ కథలో పుణ్యకార్యంగా లెక్కేస్తారు. అది పాత పేటల్లో ఇళ్లు కూల్చినంత వేగంగా పేదలకు ఇళ్లు కట్టలేదు. దాదర్, మాటుంగాల్లో వేసిన విశాలమైన ప్లాట్లు ఎక్కువగా మధ్యతరగతికి దక్కాయి. గూడు పోయిన కూలీలు పక్కనున్న చాల్‌లనే కూలీ వసతుల్లోకే వెళ్లి, అప్పటికే కిక్కిరిసిన గదుల్లో ఇరుక్కున్నారు.