సర్వర్ లేకున్నా తెరుచుకునే పేజీ

2023 జులై 31న హరియాణాలోని నూహ్‌లో అల్లర్లు చెలరేగాక, పొరుగున ఉన్న గురుగ్రామ్ జిల్లాలోని సోహ్నా, పటౌడీ, మానేసర్ ప్రాంతాల్లోనూ మొబైల్ ఇంటర్నెట్‌ను కొన్ని రోజులు ఆపేశారు. ఐటీ సంస్థలకు పేరుపడ్డ జిల్లాలోనే నెట్ ఆగిపోగలిగినప్పుడు, పిల్లల పాఠాలనూ ఆరోగ్య సూచనలనూ ఎక్కడో ఉన్న సర్వర్‌కే అప్పగించి నిశ్చింతగా ఉండటం సరికాదు.

నిజానికి వెబ్ పేజీకి సర్వర్ తప్పనిసరి కాదు. హెచ్‌టీఎంఎల్ ఫైలు, దానికి కావలసిన బొమ్మలు ఒకే ఫోల్డర్‌లో ఉంటే చాలు, బ్రౌజర్ తెరిచి చూపిస్తుంది. 1990ల ఆరంభంలో సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ రాసిన తొలి వెబ్ పేజీ ప్రతిని నేటి బ్రౌజర్ కూడా చదవగలదు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు లిపిలోని ఒక్కో సంకేతానికి 3 బైట్లు పడుతుంది. అంటే లక్ష సంకేతాల పాఠం 3 లక్షల బైట్లే. ఫోన్‌లో తీసే ఫొటో సాధారణంగా ఇంతకంటే పెద్దది.

కొన్ని జాగ్రత్తలు మాత్రం అవసరం. లింకుల్లో ఫలానా డ్రైవ్ పేరు రాయకుండా, ఫోల్డర్ లోపలి దారినే ఇవ్వాలి. అప్పుడే పెన్‌డ్రైవ్‌లో వేసి వేరే కంప్యూటర్‌కు తీసుకెళ్లినా అవి పనిచేస్తాయి. తెలుగు ఫాంటును కూడా ఫోల్డర్‌లోనే ఉంచాలి. పేజీ మొదట్లో యూటీఎఫ్-8 అని పేర్కొనకపోతే అక్షరాలు చెదిరిపోవచ్చు.

అసలు చిక్కు నిర్వహణలో ఉంది. సర్వర్‌లోని పేజీని ఒకసారి సరిదిద్దితే అందరికీ సరైనదే కనిపిస్తుంది. పది కంప్యూటర్లలోని పది కాపీలు వాటంతట అవి మారవు. లీటరు నీటికి ఉద్దేశించిన ఓఆర్‌ఎస్ పొట్లాన్ని ఎన్ని నీళ్లలో కలపాలో చెప్పే చోట అంకె తప్పు పడితే, ఆ తప్పు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. పాతబడిన సమాచారం, అసలు లేని సమాచారం కంటే ప్రమాదకరం కావచ్చు.

అందుకు ఖరీదైన పరిష్కారం అక్కర్లేదు. ఒకే మూలప్రతి, దానికి బాధ్యత వహించే ఒకరు, ప్రతి పేజీ పైనా సవరించిన తేదీ ఉండాలి. మార్పు చేసినప్పుడు విడి ఫైళ్లు కాకుండా ఫోల్డర్ మొత్తాన్నీ మార్చాలి. ప్రజాధనంతో నడిచే విద్య, విజ్ఞాన, ఆరోగ్య వెబ్‌సైట్లన్నీ తమ పేజీలను తేదీ వేసిన ఫోల్డర్‌గా దించుకునే వీలు కల్పించాలి. నెట్ ఆగిన రోజున కూడా బడిలోని కంప్యూటర్ పాఠం చెప్పగలగాలంటే, ఆ ఏర్పాటు నెట్ ఉన్నప్పుడే జరగాలి.