శ్రుతలేఖనంలో ఒక ‘అంట’

మూడు దశాబ్దాలకు పైగా పిల్లలకు శ్రుతలేఖనం చెప్పినవాడిని. ఒత్తు తప్పితే ఎర్రసిరాతో సున్నా చుట్టడమే తప్ప, అందులో మనుషుల మీదికి వచ్చే ప్రమాదం ఉంటుందని ఎన్నడూ తలచలేదు.

నా పూర్వవిద్యార్థి ఒకడు ఫుల్‌స్టాక్ ఇంజనీరు. తెరపై కనిపించే మీట మొదలు తెరవెనుక సమాచారం దాచే కొట్టుగది వరకు అన్నీ తానే కడతాడట. ప్రస్తుతం చేస్తున్నది కోర్టుల్లో మాటను అక్షరంగా మార్చే సాఫ్ట్‌వేర్. సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరి 21న రాజ్యాంగ ధర్మాసనం ముందు వాదనలకు ఇట్టి యంత్రలేఖనాన్ని ప్రారంభించింది. అక్కడ మాట్లాడేది న్యాయవాదులు, అదీ ఇంగ్లీషులో. కేరళ హైకోర్టు మాత్రం 2025 నవంబరు 1 నుండి కింది కోర్టులలో సాక్షుల వాంగ్మూలాలకే దానిని తప్పనిసరి చేసింది. రేపోమాపో మన దగ్గరకూ రాకపోదు.

“మా యంత్రానికి తెలుగు బాగా వచ్చు మాస్టారూ” అన్నాడు. సరే చూద్దామని ఫిషింగ్ హార్బరుకు తీసుకుపోయాను. వేలంపాటల గోల, ఇంజన్ల మోత. 2023 నవంబరు 19 రాత్రి ఇక్కడే సుమారు 40 బోట్లు తగలబడ్డాయి. ఆ సంగతే ఒక వృద్ధ మత్స్యకారుని అడిగాము. “ఎవుడో సిగరెట్టు ఇసిరేసినాడంట బాబూ” అన్నాడాయన. తెరపై “ఎవడో సిగరెట్టు విసిరేసినాడు” అని వచ్చింది. యాసను కూడా దిద్దిందని మావాడు మురిసిపోయాడు. నాకు గుండె ఝల్లుమన్నది.

విసిరేసినాడు + అంట, ఉకారసంధి. సంధి విడదీస్తే రెండు వేరు సాక్ష్యాలు. ‘అంట’ ఉంటే విన్నవాడు, లేకుంటే చూసినవాడు. చూసిన సంగతికి చూసినవాడే సాక్ష్యం చెప్పాలని 1872 నాటి సాక్ష్య చట్టం 60వ సెక్షను అన్నది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమమూ అదే అంటున్నది. ఆ అగ్నిప్రమాదంలోనే మొదట అనుమానం ఒక యువకునిపై పడింది; కొద్దిరోజులకు పోలీసులు వేరే ఇద్దరిని అరెస్టు చేసి, ఆర్పని సిగరెట్టు వలపై పడటమే కారణమన్నారు. ఆ నడుమ రోజులలో హార్బరంతా ‘అంట’ల మీదనే కదా నడిచింది!

యంత్రం వద్దనను. సాక్షి తెలుగులో చెప్పినదానిని ఇంగ్లీషులో టైపు చేయించే పద్ధతిలోనూ ‘అంట’ దక్కుతుందన్న భరోసా లేదు. పైగా యంత్రం గొంతును దాచగలదు, అది గుమాస్తాకు లేని బలం. కనుక నేను కోరేది యాసను దిద్దవద్దని. అనుమానమున్న మాటను వేరే రంగులో చూపాలి. వాక్యంపై వేలు పెడితే ఆ క్షణపు ధ్వని వినిపించాలి. ఎవరు ఏ అక్షరం మార్చారో చెరగకుండా ఉండాలి. తప్పులు నూటికి ఎన్ని అని లెక్క కడితే ‘అంట’ ఒక చిన్న పొరపాటే, బడిలో నేనూ అరమార్కే తగ్గించేవాడిని.

సాక్షి చెప్పినది అతనికి చదివి వినిపించాలని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 278వ సెక్షను చెప్పింది, నాగరిక్ సురక్షా సంహితలోనూ ఆ నియమమున్నది. మావాడు ఆ వృద్ధుని చేతికి ఫోనిచ్చి, సరిగా ఉన్నదా చూడమన్నాడు.

“నాకు సదువు రాదు బాబూ, ఓపాలి ఇనిపించు” అన్నాడాయన.

మావాని తెరపై ఆ మీట లేదు.