టోపీ తీయండి మహాప్రభో!

డిసెంబర్ నెల, రాత్రి రెండు గంటలు, ఇస్నాపూర్లో మా ఇల్లు. మూడు నెలల మా బుడ్డోడు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. పాలు పట్టాం, డైపర్ మార్చాం, భుజాన వేసుకుని తిప్పాం... ఊహూ, ఆపడే! ఆఖరికి స్వెటర్ లోపల వీపు మీద చెయ్యి పెట్టి చూద్దును కదా, చెమటతో తడిసి ముద్దయ్యాడు. ఒంటి మీద ఏమేం ఉన్నాయో లెక్కపెట్టా. బనియను, ఫుల్ చేతుల చొక్కా, ఉన్ని స్వెటర్, మంకీ క్యాప్, గ్లోవ్స్, సాక్సు, చుట్టూ టవలు, పైన దుప్పటి. మొత్తం ఎనిమిది! మా ఆఫీసు సర్వర్ రూములో ఏసీ ఆగితే పది నిమిషాల్లో యాభై మెయిళ్ళొస్తాయి. వీడిని మాత్రం నిండా ప్యాక్ చేసేసి "ఎందుకేడుస్తున్నాడో" అని ఒకరి మొహాలొకరం చూసుకుంటున్నాం.

టోపీ, స్వెటర్, టవలు తీసేశా. కాసేపటికే నిద్రపోయాడు. పొద్దున మొదలైంది అసలు యుద్ధం.

"గంత పసిపోరనికి టోపి తీస్తవా? సల్లగాలి కొట్టదా? కంప్యూటర్ ముంగట కూసునేటోనివి, నీకేమెర్క?" అంది మా అమ్మ.

అమ్మ భయం ఉత్తినే వచ్చింది కాదండోయ్. మా సంగారెడ్డి జిల్లా చలి మామూలుది కాదు. చలికాలం వస్తే పేపర్లో కోహీర్, పటాన్‌చెరు పేర్లు కనపడాల్సిందే. కానీ అమ్మ నన్ను పెంచింది పెంకుటింట్లో, సందు సందులోంచీ గాలి దూరే ఇంట్లో. ఇప్పుడున్నది కాంక్రీటు ఫ్లాటు. పైగా పాశమైలారం వైపు నుంచి రాత్రిపూట వచ్చే కెమికల్ వాసనకి భయపడి కిటికీలన్నీ బిగించేస్తాం. అంటే గాలాడని గది, అందులో నలుగురు మనుషులు, మధ్యలో ఎనిమిది పొరల్లో పసివాడు. చలి బయటుంది మహాప్రభో, గదిలో లేదు! రిక్వైర్‌మెంట్ ఎప్పుడో మారిపోయింది, మనం పాత కోడే నడుపుతున్నాం.

అయినా నా గొడవ అమ్మతో కాదు, మనతో. ప్రొడక్షన్‌లో చిన్న బగ్గొస్తే రాత్రంతా లాగులు చదివే మనం, సొంత బిడ్డ ఒంటి మీద ఏముందో చూడం. "అది ఆడవాళ్ళ డిపార్ట్‌మెంట్" అనేసి లాప్‌టాప్‌లో తల దూర్చేస్తాం. ఇంకో రకం ఉన్నారు, ప్రేమనంతా క్రెడిట్ కార్డుతో చూపించేవాళ్ళు. తల గుండ్రంగా రావడానికి దిండు, తొట్టి చుట్టూ మెత్తలు, బరువు నింపిన స్లీపింగ్ బ్యాగు... ఒకటా రెండా! తొట్టి చుట్టూ కట్టే ఆ మెత్తల్ని అమెరికాలో 2022లో చట్టం చేసి మరీ నిషేధించారు. బరువు నింపినవి వాడొద్దని అదే ఏడాది అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పింది. ఇంట్లో నిద్రపోయే పిల్లలకి టోపీ వద్దన్నదీ వాళ్ళే.

ఎందుకంటే నెలల పిల్లలకి తలే రేడియేటర్. ఒంటితో పోలిస్తే తల పెద్దది కాబట్టి వేడి ఎక్కువగా అక్కణ్ణుంచే బయటికి పోతుంది. దాన్ని మూసేశాక ఉక్కపోస్తే దుప్పటి తన్నేసే శక్తి కూడా వాళ్ళకుండదు. ఒళ్ళు మరీ వేడెక్కితే నిద్రలో ఉన్నట్టుండి ప్రాణం పోయే ప్రమాదం పెరుగుతుంది. భయపెడుతున్నాననుకోకండి. అమెరికాలో 1994లో "వెల్లకిలా పడుకోబెట్టండి" అని ప్రచారం మొదలెడితే, పదేళ్ళలోపే అలాంటి మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ఖర్చు లేని చిన్న మార్పు అది!

చేయాల్సింది కూడా పెద్దగా ఏమీ లేదు. మనం వేసుకున్నదానికన్నా ఒక్క పొర ఎక్కువ, అంతే. చేతులూ కాళ్ళూ చల్లగా ఉన్నాయని కంగారు పడొద్దు, అది మామూలే. మెడ వెనకో, ఛాతీ మీదో చెయ్యి పెట్టి చూడండి. చెమట పట్టి వేడిగా ఉంటే ఒక పొర తీసేయండి. బట్టలో చుట్టేటట్లయితే కాళ్ళు ముడుచుకుని ఆడించేంత వదులుండాలి, బిగించి కడితే తుంటి కీళ్ళు దెబ్బతింటాయి. బోర్లా తిరగడానికి ప్రయత్నం మొదలెట్టగానే చుట్టడం మానేయాలి. దిష్టిపూసల తాడు మెడలో ఉంటే రాత్రికి తీసేయండి, దిష్టి ఒక్క రాత్రి ఆగుతుంది. దోమలకి దోమతెర కట్టాలి గానీ ఉన్నితో ప్యాకింగ్ కాదు. 2017లో మొదలైన కేసీఆర్ కిట్‌లో కూడా దోమతెర పరుపు పెట్టారు కదా! ఇక చీర ఉయ్యాల... తిట్టుకోండి, పర్లేదు. అందులో పిల్లాడి గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి దారి ఇరుకవుతుంది. ఊపండి, జో కొట్టండి, నిద్రపోగానే తీసి గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టండి.

నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు, బరువు తక్కువున్నవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి చలి నిజంగానే ప్రమాదం. అక్కడ నా మాట కాదు, మీ డాక్టర్ మాట వినండి.

మా ఇంట్లో యుద్ధం ఎలా ముగిసిందంటారా? అమ్మ చెయ్యి పట్టుకుని వాడి మెడ వెనక పెట్టించా. ఏమీ మాట్లాడలేదు. మర్నాడు తన పాత కాటన్ చీరతో చేతుల్లేని సంచీ గౌను కుట్టింది. మెడ దగ్గర, చంకల దగ్గర సరిగ్గా పట్టి, కాళ్ళ దగ్గర వదులుగా ఉంది. దుప్పటి గొడవే లేదు. ఏ వెబ్‌సైట్లోనూ అంత మెత్తటిది దొరకదు.

కాబట్టి అయ్యలారా, ఈ రాత్రికి ఆ లాప్‌టాప్ మూసి ఒక్కసారి మీ బిడ్డ మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. తర్వాత నన్ను తిట్టాలనుంటే తీరిగ్గా తిడుదురు గాని.