ఓడినోడి ఈమాన్

ఆఖరి వారం ఆట గెలిచేవాళ్లది కాదు భాయ్, అప్పటికే ఓడిపోయినోళ్లది. వింతగా ఉన్నా అసలు హిసాబు ఇదే.

పొదిలి, మార్కాపురం గల్లీల్లో పెరిగినోళ్లకి బుక్ క్రికెట్ తెలుసు. పుస్తకం తెరిస్తే పేజీ నంబరులో చివరి అంకె ఎంతో అన్ని రన్స్. సున్నా వస్తే అవుట్. మనం కాగితం మీద ఆడినట్టే అమెరికావాళ్లు 1961 నుంచి స్ట్రాట్-ఓ-మ్యాటిక్ అని కార్డులు, పాచికలతో బేస్‌బాల్ ఆడుతున్నారు. 1980లో డేనియల్ ఓక్రెంట్ అనే ఆయన న్యూయార్క్‌లో దోస్తులతో కలిసి రోటిసరీ లీగ్ పెట్టాడు. మైదానంలో నిజం ఆటగాళ్లు ఆడితే వీళ్ల కాగితం టీములకి పాయింట్లు. ఇవాళ మన కుర్రాళ్ల ఫోన్లలో ఐపీఎల్ టీములు కట్టే ఆటకి మూలం అదే.

ఈ లీగుల్లో ఒక బీమారీ ఉంది. ప్లేఆఫ్ ఆశ పోయినోడు ఆఖరి వారంలో టీమ్ ముఖం కూడా చూడడు. గాయపడి ఇంటికెళ్లిపోయిన బౌలర్ అతని పదకొండు మందిలో అట్లాగే ఉంటాడు. ఆ వారం అతనితో తలపడేవాడికి గెలుపు ముఫ్త్‌గా దొరుకుతుంది. నాలుగో స్థానం కోసం నెలన్నరగా జాన్ పెట్టి ఆడిన ఇంకొకడు బయటికి పోతాడు. వాడి కసూర్ ఏంది?

"ఉత్త టైంపాస్, పైసా కూడా లేదు, దీనికింత లొల్లి ఎందుకు?" అంటారు. పైసా లేదు కాబట్టే అంటాను నేను. మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ జూదం మీద చట్టం తెచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను బంద్ చేసింది. మంచిదే. జువ్వాతో ఇళ్లు బర్బాద్ అవుతుంటే ఊరుకోలేం కదా. కానీ పైసా పోయాక లీగ్‌ని నిలబెట్టేది ఒక్కటే: జబాన్. ఆడతానని వాదా చేశావు, ఆఖరి దాకా ఆడాలి. మధ్యలో వదిలేస్తే అది పక్కోడి అమానత్‌లో ఖయానత్.

నిజం ఐపీఎల్‌నే చూడండి. 2023లో మన హైదరాబాద్ టీమ్ రేసు నుంచి బయటికి పోయింది. అయినా మే 18న బెంగళూరు మీద క్లాసెన్ 104 కొట్టాడు. ఆ మ్యాచ్ ఓడారు, నిజమే, కానీ పోరాడి ఓడారు. మే 21న గుజరాత్‌కి మొదటి స్థానం ఖాయమైపోయింది, గెలిచినా ఓడినా ఫరక్ లేదు. అయినా శుభ్‌మన్ గిల్ 104 నాటౌట్‌గా నిలిచి బెంగళూరుని ఓడించాడు. దాంతో ముంబై ప్లేఆఫ్‌కి పోయింది. ఆ రోజు గుజరాత్ బద్ధకిస్తే నాలుగో స్థానం వేరేవాళ్లది అయ్యేది.

నా మష్వరా చిన్నది. లీగ్ మొదలయ్యే రోజే షరతు పెట్టుకోండి: ప్రతి వారం టీమ్ సరిచూడాలి, కుదరనోడు దోస్తుకి అప్పజెప్పాలి. రేసులో లేనోళ్లలో ఆఖరి వారం ఎక్కువ పాయింట్లు తెచ్చినోడికి అందరూ కలిసి బిర్యానీ పెట్టండి.

గెలుపు ఆశ ఉన్నప్పుడు ఎవడైనా ఇన్సాఫ్‌గా ఆడతాడు. ఆశ పోయాక కూడా ఆడేవాడినే రేపు దుకాణంలో షరీక్‌గా పెట్టుకోవచ్చు.