చేపల్లేని ఆరు వారాలు

నా మొదటి ఉప్పునీటి అక్వేరియంలో చేపలు బతికింది నాలుగు రోజులు. ఐదో రోజు పొద్దున లేచి చూస్తే రెండు క్లౌన్ చేపలూ (అదేనండీ, మన నీమో చేపలు) ఇసుక మీద పక్కకు ఒరిగిపోయి ఉన్నాయి. ఆ రోజు ఆఫీస్ కాల్‌లో కెమెరా ఆపేసి కూర్చున్నాను. నీళ్లేమో అద్దంలా ఉన్నాయి. ఉప్పు సరిగ్గానే ఉంది, వేడీ సరిగ్గానే ఉంది. షాపతను చెప్పినట్టే రెండు రోజులు ఫిల్టర్ నడిపాకే చేపల్ని వదిలాను. మరెందుకు పోయాయి?

అమ్మోనియా వల్ల. ఆ ముక్క తెలిసేసరికి ఆలస్యమైపోయింది. చేపలు మొప్పల్లోంచి వదిలేది అదే, తినగా మిగిలిన మేత కుళ్లితే పుట్టేదీ అదే. కంటికి కనపడదు. సముద్రపు నీటి పీహెచ్ 8 పైనే ఉంటుంది కాబట్టి మంచినీటి తొట్టెలో కంటే ఇక్కడ దాని విషం ఇంకా ఎక్కువ. దీన్ని తినే బ్యాక్టీరియా ఉంటుంది. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొద్దిగా ఉన్నా చేపలు తట్టుకుంటాయి, వారం వారం కాస్త నీళ్లు మారిస్తే అదుపులో ఉంటుంది. ఈ బ్యాక్టీరియా అంతా రాళ్ల రంధ్రాల్లో, ఇసుకలో కాపురం పెట్టడానికి సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేనిచ్చింది రెండు రోజులు.

నెల తర్వాత మళ్లీ మొదలుపెట్టాను. అదే రెండడుగుల తొట్టె, దాదాపు 80 లీటర్లు. చిన్న తొట్టె అయితే తేలిక అనుకుంటాం కదా, నిజానికి చిన్నదే కష్టం. నీళ్లు తక్కువ కాబట్టి ఏ చిన్న తప్పయినా వెంటనే చేప మీద పడుతుంది. మొదటిసారి పెట్టేవాళ్లు ఇంతకంటే చిన్నది కొనకండి. కింద బల్ల గట్టిదై ఉండాలి. నీళ్లు, ఇసుక, రాళ్లు, అద్దం కలిపితే వంద కేజీలు దాటుతుంది.

ఇక ఉప్పు. వైజాగ్ వెళ్లినప్పుడు రెండు క్యాన్ల సముద్రపు నీళ్లు తెచ్చుకుంటే పోలా అని నాకూ అనిపించింది. నగరం ఒడ్డున ఆ నీళ్లలో ఏమేం కలిశాయో మనకు తెలీదు, వదిలేయండి. మరి కల్లుప్పు? అదీ పనికిరాదు. శ్రీకాకుళం జిల్లా నౌపడ దగ్గర ఉప్పు మళ్లు చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఎండకు నీళ్లు చిక్కబడేటప్పుడు ముందే కాల్షియంలో చాలా భాగం జిప్సంగా అడుగుకు చేరిపోతుంది. తర్వాత ఉప్పు పేరుకుంటుంది. చివర్లో మిగిలే చేదు నీళ్లలోకి మెగ్నీషియం పోతుంది. మన వంటింటికి చేరేది దాదాపుగా సోడియం క్లోరైడ్ ఒక్కటే. సముద్రంలో బతికే జీవికి ఆ మిగతావన్నీ కావాలి. అందుకే అక్వేరియం కోసమే కలిపిన సముద్రపు ఉప్పు ప్యాకెట్ కొనాలి. ప్యాకెట్ మీది కొలత ప్రకారం ఆర్‌ఓ నీళ్లలో కలిపి, ఒక రోజు మోటార్‌తో తిప్పి, అప్పుడు కొలవాలి. సాంద్రత 1.025 దగ్గర రావాలి. దానికి రిఫ్రాక్టోమీటర్ అని చిన్న గొట్టంలాంటి పరికరం దొరుకుతుంది. దీని దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ఇంట్లో తాగే ఆర్‌ఓ నీళ్లయితే ముందు టీడీఎస్ చూసుకోండి. రుచి కోసం కొన్ని మెషిన్లు ఖనిజాలు మళ్లీ కలుపుతాయి.

ఇంకో సంగతి, చాలామంది బోల్తాపడేది ఇక్కడే. నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు ఆవిరవదు. కాబట్టి రోజూ తగ్గినంత మేరా ఉప్పు కలపని నీళ్లే పోయాలి. ఉప్పునీళ్లు పోస్తూ పోతే వారానికల్లా తొట్టె ఆవకాయ జాడీ అవుతుంది.

రాళ్ల విషయంలో ఒక హెచ్చరిక. 'లైవ్ రాక్' పేరుతో సముద్రంలోంచి తీసిన పగడపు రాళ్లు అమ్మజూపేవాళ్లు ఉంటారు. మన దేశంలో దిబ్బలు కట్టే పగడాలు 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, అంటే పులికి ఉన్నంత రక్షణ. కొనడమూ నేరమే. నేను తయారుచేసిన పొడి రాళ్లు కొన్నాను. తెల్లగా, బోడిగా, మొదట్లో అస్సలు బాగుండవు.

అంతా సర్దాక, బజారు నుంచి ఒక పచ్చిరొయ్య తెచ్చి తొట్టెలో పడేశాను. అది కుళ్లితే అమ్మోనియా పుడుతుంది, బ్యాక్టీరియాకు అదే భోజనం. దానికితోడు, బాగా నడుస్తున్న తొట్టె ఉన్న ఒక ఫ్రెండ్ గుప్పెడు ఇసుక ఇచ్చాడు. పాలల్లో తోడు వేస్తాం చూడండి, ఇది అదే. తోడు వేసినంత మాత్రాన పెరుగు గంటలో తోడుకోదు కదా.

ఆ రోజుల్లో మా అమ్మ వీడియో కాల్‌లో తొట్టె చూసి, "చేపలేవిరా?" అంది.

"ఇంకా వెయ్యలేదమ్మా."

"మరి ఆ రొయ్య?"

"కుళ్లాలి."

"ఖాళీ తొట్టెకి కరెంటు బిల్లు కట్టి, మంచి రొయ్యని కుళ్లబెడుతున్నావా? బాగుంది నీ ఉద్యోగం."

ఏం చెప్తాం. సాయంత్రం ఆఫీస్ నుంచి రాగానే చిన్న గాజు గొట్టంలో నీళ్లు తీసి, కిట్‌లోని చుక్కలు వేసి రంగు చూడటమే పని. మొదటి వారం అమ్మోనియా ముదురు ఆకుపచ్చ. మూడో వారానికి అది తగ్గి నైట్రైట్ పైకి లేచింది. నాలుగో వారం ఇసుక మీద గోధుమరంగు నాచులాంటి పొర. తొట్టె పాడైపోయిందనుకుని అంతా కడిగేద్దామని బకెట్ కూడా తెచ్చాను. కొత్త తొట్టెల్లో ఇది మామూలేనట, దానంతటదే పోతుందట. నిజంగానే పోయింది. ఆరో వారం రెండూ సున్నా. నమ్మకం కుదరక మళ్లీ కొంచెం రొయ్య వేసి చూశాను. అమ్మోనియా కాస్త లేచి, మర్నాటికి మళ్లీ సున్నా.

అప్పుడు వెళ్లాను చేపల కోసం. ఈసారి షాపులో మొదట అడిగిన ప్రశ్న: ఇవి హ్యాచరీలో పుట్టినవా, సముద్రంలో పట్టినవా? క్లౌన్ చేపల్ని హ్యాచరీలో పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పుడో సాధించింది. తొట్టెలోనే పుట్టిన చేప తొట్టె తిండికి అలవాటుపడి ఉంటుంది, పైగా సముద్రంలో ఒకటి తగ్గదు. నీలం రంగు డోరీ చేప ముద్దొస్తుంది కానీ అది అడుగు దాకా పెరుగుతుంది, మన రెండడుగుల తొట్టెలో పెట్టడమంటే జైలే. సినిమాలో చూపించినట్టు నీమోకి అనిమోన్ కూడా తప్పనిసరి కాదు.

రెండు చిన్న క్లౌన్లు, నాలుగు నత్తలు. అంతే. సంచి నీళ్లలోకి తొట్టె నీళ్లు చుక్క చుక్కగా గంటసేపు కలిపి, చేపల్ని మాత్రమే వలతో తొట్టెలోకి వదిలాను, సంచి నీళ్లు పారబోశాను. క్లౌన్లన్నీ మగవిగానే పెరుగుతాయట. జంటలో పెత్తనం చేసేది ఆడదిగా మారుతుంది. మా ఇంట్లో ఎవరు మారబోతున్నారో రెండో నెలకే తెలిసిపోయింది, మేత దగ్గర రెండోదాన్ని దగ్గరికి రానివ్వదు.

హైదరాబాద్ ఎండాకాలం ఒక్కటే భయపెట్టింది. నీళ్లు 26 డిగ్రీల దగ్గర ఉండాలి, మే నెలలో మధ్యాహ్నం 31కి పోయాయి. చిల్లర్ నా జీతానికి బరువు. మూత తీసి నీటి మీదికి చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు దిగింది, కాకపోతే రోజూ రెండు లీటర్లు ఎక్కువ పోయాల్సి వచ్చింది. కరెంటు పోతే పని చేసే బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి తొట్టె పక్కనే ఉంచాను.

ఇప్పుడు అమ్మ కాల్ చేస్తే ముందు "ఫోను అటు తిప్పు" అంటుంది. నేను తిన్నానో లేదో తర్వాత అడుగుతుంది.